వెళ్లినవాళ్ల వెనకే వెళ్లిన ఇద్దరు

చెన్నైలో రాజాజీ సాలై మీద నడిచేవాళ్లకు సముద్రం కనిపించదు. ఒక పక్క జీపీఓ, స్టేట్ బ్యాంకు ఎర్ర భవనాలు, ఇంకో పక్క హార్బరు గోడ. ఒకప్పుడు ఇక్కడ గోడా లేదు, రేవూ లేదు. ఓడలు దూరాన లంగరు వేసేవి. మనుషుల్నీ మూటల్నీ మసూలా పడవల్లో ఒడ్డుకు చేర్చేవారు. ఒక్క మేకూ కొట్టకుండా, పలకల్ని కొబ్బరి తాళ్లతో కుట్టి చేసిన పడవలవి. పెద్ద అల వచ్చినా పగిలిపోకుండా దానితోపాటే వంగేవి.

ఈ తీరం గురించి మనం రాసుకునేదంతా ఇక్కడ దిగినవాళ్ల గురించే. కంపెనీ దొరలు, పాదరీలు, పండితులతో స్నేహం చేసిన కలెక్టర్లు. ఇక్కడి నుంచి వెళ్లిన తెలుగువాళ్ల కథ చెన్నైలో కూడా చాలామందికి తెలియదు. వాళ్ల వెనకే వాళ్లను వెతుక్కుంటూ వెళ్లిన ఒక జంట కథ అంతకన్నా తక్కువమందికి తెలుసు. ఆ ఇద్దరూ జాన్ రంగయ్య, కనకమ్మ. ఊరు నెల్లూరు.

నెల్లూరు పేరు వచ్చింది కాబట్టి ముందు జ్యూయెట్ దంపతుల గురించి చెప్పాలి. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున లైమన్ జ్యూయెట్, యూఫీమియా 1849లో నెల్లూరు చేరారు. తెలుగు మిషన్‌లో ఫలితం లేదు, మూసేద్దామని అమెరికాలో 1853లో చర్చ జరిగింది. ఆ మరుసటి జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండెక్కి ఐదుగురు ప్రార్థన చేశారు. ఆ ఐదుగురిలో ఈ దంపతులు ఇద్దరే. మిగతా ముగ్గురూ, అంటే నరసు, జూలియా, రూత్, తెలుగువాళ్లు. కొండ కింద నాగజెముడు కమ్ముకున్న మిట్టను చూపించి, అక్కడ మిషన్ బంగళా ఉంటే ఎలా ఉంటుందని జూలియాను అడిగారట జ్యూయెట్ దొర. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు.

జబ్బు చేసి ఆయన అమెరికా వెళ్లి, తగ్గాక మళ్లీ వచ్చాడు. 1878లో, అరవై అయిదేళ్ల వయసులో, ఇంటికి తిరిగిపోవాల్సిన సమయంలో మద్రాసుకు మకాం మార్చాడు. ఈ నగరంలోని తెలుగువాళ్ల మధ్య పని మొదలుపెట్టడానికి. ఆ వయసులో ఆ నిర్ణయం భర్త ఒక్కడి వల్ల అయ్యేది కాదని నా నమ్మకం.

ఇప్పుడు అవతలి వైపు చూద్దాం. 1860 అక్టోబరులో ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నేటాల్ ప్రాంతంలో ఉన్న డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పనికి ఐదేళ్ల ఒప్పందం మీద కూలీలను దించిన మొదటి ఓడ అది. 1911 దాకా అలా 1,52,184 మంది నేటాల్‌కు వెళ్లారు. వాళ్లలో ఎక్కువ మంది ఓడెక్కింది మద్రాసులోనే. మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు. ఒప్పందం ముగిశాక అక్కడే ఉండిపోతే ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు, అంటే మొదటి ఏటి జీతంలో ఆరు నెలల కష్టం. ఆడవాళ్లూ కట్టాలి. 1903లో ఆ పన్నును ఎదిగిన పిల్లల మీదకూ లాగారు.

సరిగ్గా ఆ సంవత్సరమే రంగయ్య, కనకమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని నేటాల్‌లో దిగారు.

వాళ్లను పంపింది అమెరికా కాదు. తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనరీ సొసైటీ, అంటే తెలుగు సంఘాలే. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వెళ్లిన కూలీల్లో బాప్టిస్టులు కొందరున్నారు. తోటల్లో వాళ్లకు తమ భాషలో వాక్యం చెప్పేవాడు, పెళ్లి చేసేవాడు, సమాధి దగ్గర నిలబడేవాడు లేడు. యాభై ఏళ్ల కిందట మూసేద్దామనుకున్న మిషన్ సముద్రం అవతలికి సొంత మనుషుల్ని పంపింది. తెలుగు క్రైస్తవ చరిత్రలో నాకు అన్నిటికన్నా గర్వంగా అనిపించే సంఘటన ఇది. ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో 1878 జులై 3న ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని అందరూ చెబుతారు. పెద్ద సంఖ్యే, కాదనను. కానీ ఒక జంట తమ వాళ్ల కోసం ఓడెక్కడం నాకు అంతకన్నా పెద్ద విషయం.

1903 డిసెంబరులో కియర్స్‌నీలో, హ్యూలెట్ తేయాకు ఎస్టేటులో, మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. తరవాత తీరం వెంట తోట నుంచి తోటకు తిరగడమే రంగయ్య పని. ఎస్టేటు గేటు దాటాలంటే దొర అనుమతి కావాలి. కూలీకి ఆదివారం తప్ప తీరిక లేదు. 1913లో పన్నుకు వ్యతిరేకంగా గాంధీ పిలుపు మీద మొదలైన సమ్మె బొగ్గు గనుల నుంచి ఈ చెరకు తోటల దాకా పాకింది. 1914లో పన్ను రద్దయింది. ఆ మరుసటి ఏడాదే, 1915లో, రంగయ్య అక్కడే కన్నుమూశారు.

పరాయి చోట సేవకు వెళ్లడమూ ఒక విద్యే. అందులో మొదటి పాఠం నేను పెరంబూరులో విన్నాను. నాకు తెలిసిన దంపతులున్నారు. ఆయన రైల్వేలో, ఆవిడ బడిలో పనిచేసి రిటైరయ్యారు. సంఘం పనిమీద ఏటా కొన్ని నెలలు ఇటుక బట్టీల్లో, క్వారీల్లో పనిచేసే మనవాళ్ల దగ్గరికి వెళ్తారు. వెళ్లగానే ఏం చేస్తారని అడిగాను. “ముందు వాళ్లింట్లో తినాలి బాబూ. ప్రార్థన తరవాత. తినకుండా ప్రార్థన చేస్తే వాళ్లకు మనం ఆఫీసరు లెక్కే,” అన్నారు ఆవిడ. “ఈయనతో మగవాళ్లు అప్పుల సంగతి చెప్తారు. నాతో ఆడవాళ్లు దెబ్బల సంగతి చెప్తారు. రాత్రికి మేమిద్దరం కలిపి చూసుకుంటే గానీ ఆ ఇంటి సంగతి తెలీదు.”

ఆ మాట విన్నప్పటి నుంచి నేను పాత మిషన్ పుస్తకాలు చదివే తీరు మారింది. ఆ పుస్తకాల్లో భర్త ప్రయాణం చేస్తాడు, బోధిస్తాడు, లెక్కలు రాస్తాడు. భార్య ‘తోడుగా వెళ్లింది’ అన్న ముక్కతో సరి. కనకమ్మ విషయంలోనూ అంతే. పిల్లలతో ఓడెక్కి, తెలియని దేశంలో ఇల్లు నిలబెట్టి, భర్త తోటలు తిరుగుతుంటే ఆ ఇంటికి వచ్చిపోయే ఆడవాళ్ల మాట ఎవరు విని ఉంటారు? రాతకు ఎక్కింది రంగయ్య పనే. సగం పని రాయకుండా వదిలేసిన చరిత్ర సగం చరిత్రే. ఆ లోటు నన్ను నిజంగా బాధిస్తుంది.

పూడ్చుకోవడానికి దారి లేకపోలేదు. నేటాల్ ఓడల జాబితాల్లో ప్రతి కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా ఉన్నాయి. డర్బన్‌లోని గాంధీ–లుతూలి డాక్యుమెంటేషన్ సెంటరు వాటి మీద చాలా పని చేసింది. ఇక్కడ ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వలసల దస్త్రాలున్నాయి. అధికారులు రాసుకున్నవి అక్కడ దొరుకుతాయి. ఇళ్లల్లో ఉన్నవే దొరకవు.

అందుకే అడుగుతున్నాను. మీ తాతమ్మో, ముత్తాతో నేటాల్ వెళ్లారని ఇంట్లో ఎప్పుడైనా అనుకున్నారా? పాత బైబిలు అట్ట లోపల ఎవరి పేర్లయినా రాసి ఉన్నాయా? సంఘంలో బాప్తిస్మం రిజిస్టరు ఏ బీరువాలోనైనా చెదలు పడుతోందా? ఫొటో తీసి ఉంచండి. తెలిసిన పెద్దవాళ్లను కూర్చోబెట్టి చెప్పించుకోండి, ముఖ్యంగా ఆడవాళ్ల పేర్లు. ఈ పత్రికకు రాస్తే, వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ ఆర్కైవ్స్‌కు చేర్చే పూచీ నాది.