సమన్వయంలో సమానత్వం ఉందా?

‘కోఆర్డినేట్’ అంటే వ్యాకరణంలో సమాన హోదా గలదని అర్థం. దాన్ని మనం ‘సమన్వయం’ చేసుకున్నాం. ఇందులో చాలామందికి సమానత్వం వినిపిస్తుంది. అది పొరపాటు. ఇక్కడున్నది ‘సమ’ కాదు, ‘సమ్’ అనే ఉపసర్గ. దాని పక్కన ‘అను’, అంటే వెంట నడవడం. కార్యాలయాల్లో సమన్వయం పైవాడు చెప్పడం, కిందివాడు అనుసరించడంగా మారిందంటే ఆశ్చర్యమేముంది? పాతబస్తీ ఉర్దూలో దీన్నే ‘తాల్‌మేల్’ అంటారు. తాళం కలిస్తే చాలు. ఎవరూ ఎవరి వెనకా నడవనక్కరలేదు.

ఇది నిఘంటువుల తగాదా కాదు. పాతబస్తీలోని కిషన్‌బాగ్‌నే చూద్దాం. ‘2014 మే 14న అక్కడ మత ఘర్షణ జరిగింది, కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు.’ ఇది సంయుక్త వాక్యం. రెండు క్రియలూ సమాపకాలే. రెంటికీ విడివిడిగా జవాబు అడగవచ్చు. దీన్నే ‘ఘర్షణ జరగడంతో కాల్పులు జరిపి అదుపు చేశారు’ అని రాస్తే సంక్లిష్ట వాక్యమవుతుంది. కాల్పులు ‘జరిపి’ అనే అసమాపక క్రియలో అణిగిపోయాయి. చనిపోయినవాళ్లు వాక్యంలోంచే జారిపోయారు. వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు.

రచయిత ఏ క్రియను సమాపకం చేస్తాడో, దేన్ని అసమాపకంగా దాటేస్తాడో, అక్కడే అతని పక్షం తేలిపోతుంది.