కొప్పు, జడ, చూపరుల తీర్పు

భద్రాచల మన్యమున కోయస్త్రీ కొప్పు విప్పి జడ వేసికొనినచో పట్నవాసులు నాగరికత యందురు. మరల కొప్పు ముడిచినచో వెనుకబాటందురు. చిమమాండ అడీచీ నవల ‘అమెరికానా’ (2013)లో, కొలువుకై వంకీల జుట్టును తిన్నగా చేయించుకొనిన ఇఫెమెలు పిదప దానిని కత్తిరించి సహజకేశములతో పోగా, తోటివారు అందు రాజకీయము వెదకిరి.

తిన్నని జుట్టే అందమను తీర్పు మన కావ్యములది కాదు. ‘అలకము’లనగా వంకీలు తిరిగిన ముంగురులే, కవులు తుమ్మెదలతో పోల్చినవి అవియే. అయినను అది చూచువాని పరవశమే. భామాకలాపమున సత్యభామ తెరపై జడ వైచి తానే పందెము పలుకును. ఇదియే స్త్రీవాక్కని మురియువారు, ఆ జడ దాల్చినది చిరకాలము పురుషనటుడే యని మరతురు.

మన్యపు కొప్పును ‘ఆచార’మనియు, జడను ‘మార్పు’ అనియు వ్రాసికొను పరిశోధకులను మేమడుగునది ఒక్కటే: ముడిచిన యామె ఏమన్నది?