ఇద్దరు యూదు కిశోరుల దినచర్యలు : భాష, విశ్వాసము

ఆన్ ఫ్రాంకు దినచర్య మన విద్యార్థులకు సుపరిచితము. మోషే ఫ్లింకరు పేరు విన్నవారు అరుదు. ఈ యిరువురును హాలెండున పెరిగిన యూదు సంతతివారు. నాజీల కంటబడక బ్రదుకుచు వ్రాసినవారు. ఇరువదియేండ్లు నిండకయే అసువులు బాసినవారు. వీరి వ్రాతలను ప్రక్కప్రక్కన నుంచి చదివినగాని ఆన్ రచనలోని మతప్రశ్న స్ఫుటముగా గోచరింపదు.

మోషే 1926లో హేగు నగరమున జన్మించెను. 1942లో కుటుంబముతో బ్రస్సెల్సు చేరి, ఆ యేటి నవంబరునుండి హీబ్రూభాషలో దినచర్య వ్రాసెను. డచ్చిభాషలో పెరిగిన బాలుడు హీబ్రూను గైకొనుట పాండిత్యప్రదర్శనము గాదు. ప్రార్థనకును రచనకును ఒకే భాష యుండవలెనన్న పట్టుదల యందు గలదు. రాబోవు యూదురాజ్యమునకు రాయబారి కావలెనని యాతడు అరబ్బీ సయితము నేర్చుకొనెను. దైవమున్నాడా యని మోషే యడుగలేదు. ఈ విపత్తు పూర్వపు విపత్తులవంటిదేనా, దీనియందు దైవసంకల్పమేమి యని యడిగెను. విమోచన మాసన్నమైనదని నమ్మెను. దినములు గడచినకొలది ఆ నమ్మికప్రక్కనే శూన్యభావము చోటు చేసికొనెను. తనవారు బాధపడుచుండ తాను సుఖముగా నుండుట యాతనికి ముల్లైనది. శైలి పలుచోట్ల పునరుక్తిదుష్టమే. కాని యా పునరుక్తిని తొలగించినచో మోషే మిగులడు.

ఆన్ డచ్చిభాషలోనే వ్రాసెను. యుద్ధకాలపు దినచర్యలను భద్రపఱచుడని డచ్చిమంత్రి బోల్కెస్టైన్ 1944 మార్చి 28న లండను రేడియోనుండి కోరగా విని, మే 20 నుండి తన వ్రాతను తానే సంస్కరింప నారంభించెను. కావున నామెను అమాయకబాలికగా గాక స్వీయపాఠమునకు పరిష్కర్త్రిగా పరిగణింపవలెను. 1944 ఏప్రిల్ 11 నాటి పుట కీలకమైనది. దొంగలు పడిన రాత్రి గడచిన పిమ్మట, యూదులను ఇతరులనుండి వేఱుచేసిన దెవరని ప్రశ్నించి, దైవమేయని యామె సమాధానము చెప్పుకొనెను. ఆ పుటలోనే, యుద్ధానంతరము డచ్చిపౌరురాలు కావలెనన్న కోరికయు గలదు. ఈ రెంటిని సమన్వయింప నామె యత్నింపలేదు. వయస్సు తెచ్చిన లోపమని కొంద రనవచ్చును. నిజాయితీయని నా యభిప్రాయము.

1955లో న్యూయార్కున ప్రదర్శితమైన గుడ్రిచ్, హాకెట్టుల నాటకము ఈ భాగమును మార్చివేసినది. బాధపడినవారు యూదులు మాత్రమే కారు, ఒకప్పు డొక జాతి, మఱొకప్పుడు మఱొక జాతి యని యామెచే పలికించినది. విశ్వజనీనతకై చేసిన మార్పే కావచ్చును. కాని దానివలన ప్రశ్నయే మాయమైనది. నేనును పెక్కేండ్లు ఆన్‌ను మానవతామూర్తి యనియే బోధించితిని. 1958లో ప్రకటితమైన మోషే దినచర్యను అనువాదమున చదివిన పిమ్మట ఆ పాఠము నిలువలేదు. ఇప్పుడు ఆ యేప్రిలు పుటను మోషే పుటలతో గలిపియే చదివించుచున్నాను. విద్యార్థులు తొలుత అడుగునది భాషను గూర్చియే.