'లే మిజరాబ్ల్' – మన ప్రేక్షకులు

లాడ్జ్ లీ తీసిన ఈ ఫ్రెంచి చిత్రాన్ని (2019) శామీర్‌పేటలో ఉపాధ్యాయ మిత్రులతో కలిసి చూశాను. పారిస్ శివారు పేదవాడలో, సింహం పిల్లను దొంగిలించిన కుర్రవాడి ముఖంపై ఒక పోలీసు రబ్బరు గుండు పేలుస్తాడు. ఆ తర్వాత పోలీసుల ఆరాటమంతా కుర్రవాడి కోసం కాదు, ఆ దృశ్యం చిక్కిన డ్రోన్ కోసం!

"కాల్చినవాడు తల్లి ముందు ఏడ్చాడు కదా, వాడూ మనిషే" అన్నాడొక మిత్రుడు. నిజమే. కాని ఆ కన్నీళ్లు నేరాన్ని దాచిన తర్వాతివి. దర్శకుడు పోలీసును రాక్షసుణ్ణి చేయలేదు. చేసివుంటే మనం సులువుగా తప్పించుకొనేవాళ్లం.

అదే ఏడాది డిసెంబరు 6న చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల్ని కాల్చి చంపిన పోలీసులపై జనం పూలు చల్లారు. చంపాలనే కాల్చారని 2022లో సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది. ఆనాడు మా మధ్య మిఠాయి పంచినవాడు ఈ మిత్రుడే. నేనూ తిన్నాను గనుక ఈ విమర్శ నాకూ వర్తిస్తుంది.