వాళ్ల మనుషుల నోటితోనే

2022 జూన్ 9 రాత్రి ఎనిమిదింటికి వాషింగ్టన్‌లోని కానన్ భవనంలో ఒక విచారణ మొదలైంది. మనకది మర్నాడు తెల్లవారుజాము ఐదున్నర. 2021 జనవరి 6న కాంగ్రెస్ భవనం క్యాపిటల్ మీద ట్రంప్ మద్దతుదారులు చేసిన దాడి సంగతి తేల్చడానికి అమెరికా ప్రతినిధుల సభ వేసిన సెలెక్ట్ కమిటీ విచారణ అది. కమిటీలో ఏడుగురు డెమోక్రాట్లు, ఇద్దరు రిపబ్లికన్లు. ఆ రాత్రి దాదాపు 2 కోట్లమంది టీవీల్లో చూశారు. అక్కడి కమిటీల్లో మామూలుగా సభ్యుడికి ఐదు నిమిషాలిస్తారు, అందులో చాలాభాగం సొంత ఉపన్యాసానికే పోతుంది. వీళ్లు ఆ పద్ధతి ఎత్తేశారు. ఏబీసీ న్యూస్ మాజీ అధ్యక్షుడు జేమ్స్ గోల్డ్‌స్టన్ సాయం తీసుకుని, ఒక్కో రోజు విచారణను ఒక్కో అధ్యాయంగా కూర్చారు.

చాలామందికి ఇది ట్రంప్ మీద విచారణగానే గుర్తు. అందులోనే సాగిన ఇంకో పని అంతకంటే కష్టమైనది: రోజూ ఎదురుపడే తోటి సభ్యుల్ని జవాబు అడగడం. ఆ ఏడాది మే 12న ఐదుగురు రిపబ్లికన్ సభ్యులకు కమిటీ సమన్లు పంపింది. కెవిన్ మెకార్తీ, జిమ్ జోర్డాన్, స్కాట్ పెర్రీ, ఆండీ బిగ్స్, మో బ్రూక్స్. ఒక్కరూ రాలేదు. రమ్మని బలవంతపెడితే కోర్టుల్లో నెలలు గడిచిపోతాయి, ఈలోగా కమిటీ గడువే తీరిపోతుంది. కాబట్టి రానివాళ్ల గురించి ఎవరితో చెప్పించాలన్నదే ప్రశ్న. డెమోక్రాట్లతో చెప్పిస్తే కక్ష అంటారు. అందుకే ఆరోపణల్ని వీలైనంతవరకు రిపబ్లికన్ల నోటితోనే, వాళ్ల కాగితాలతోనే పలికించారు.

జూన్ 23 విచారణ చూడండి. నా లెక్కలో మొత్తం వరుసలో మేలైన పనితనం అదే. నడిపింది రిపబ్లికన్ సభ్యుడు ఆడమ్ కిన్జింగర్. ఎదురుగా ముగ్గురు సాక్షులు: తాత్కాలిక అటార్నీ జనరల్‌గా చేసిన జెఫ్రీ రోజన్, ఆయన కింద పనిచేసిన రిచర్డ్ డొనహ్యూ, న్యాయశాఖలోనే మరో అధికారి స్టీవెన్ ఎంగెల్. ముగ్గురూ ట్రంప్ హయాంలో పదవులు చేసినవాళ్లే. డొనహ్యూ 2020 డిసెంబర్ 27 నాటి ఫోన్ సంభాషణ చెప్పుకొచ్చారు. తాను ఓడిన ఎన్నిక గురించి అధ్యక్షుడు ట్రంప్ ఆరోపణ మీద ఆరోపణ చెబుతుంటే, భార్య మంచం పక్కనున్న నోట్‌ప్యాడ్ అందుకుని రాసుకున్నారట. ఆ చేతిరాత తెర మీదికి వచ్చింది. ఎన్నికల్లో అవినీతి జరిగిందని మీరు చెప్పండి చాలు, మిగతాది నేనూ మా పార్టీ కాంగ్రెస్ సభ్యులూ చూసుకుంటాం అన్నది దాని సారాంశం. గబగబా గీకిన రాత. దాన్ని టైపు చేయించి చూపిస్తే ఆ బలం ఉండేది కాదు. కిన్జింగర్ దాని మీద వ్యాఖ్యానం పెంచలేదు. ఆ కాంగ్రెస్ సభ్యులు ఎవరన్న ప్రశ్న చూసేవాళ్ల మనసులో దానంతటదే పుడుతుంది.

జవాబు తర్వాత వస్తుంది. న్యాయశాఖలో పర్యావరణ విభాగం చూసే జెఫ్రీ క్లార్క్‌ను వైట్‌హౌస్‌కు తీసుకెళ్లి పరిచయం చేసింది పెన్సిల్వేనియా సభ్యుడు స్కాట్ పెర్రీ. క్లార్క్‌ను అటార్నీ జనరల్ చేస్తే, ఎన్నిక మీద అనుమానాలున్నాయంటూ జార్జియాకు శాఖ తరఫున ఉత్తరం వెళ్తుందన్నది ఎత్తుగడ. 2021 జనవరి 3న ఓవల్ ఆఫీసులో జరిగిన సమావేశానికి డొనహ్యూ జీన్స్‌తో, బురద బూట్లతో వెళ్లాల్సి వచ్చింది. ఈ పని చేస్తే శాఖ పెద్దలందరం రాజీనామా చేస్తామని అక్కడే చెప్పారు. బూట్ల ముచ్చట కేసుకు అక్కర్లేదు. కానీ అది విన్నాక, కబురు అందగానే ఆ మనిషి ఎలా బయల్దేరి వచ్చాడో కళ్లకు కడుతుంది.

ఇక ముగింపు. జూన్ 9నే కమిటీ ఉపాధ్యక్షురాలు లిజ్ చేనీ ఒక మాట వేసి వదిలేశారు: పెర్రీతో పాటు మరికొందరు సభ్యులు దాడి తర్వాత అధ్యక్షుడి క్షమాభిక్ష అడిగారని. రుజువు చూపలేదు. పెర్రీ అది పచ్చి అబద్ధమన్నారు. రెండు వారాలు ఆగి, 23న మో బ్రూక్స్ 2021 జనవరి 11న వైట్‌హౌస్‌కు పంపిన ఈమెయిల్ తెర మీద పెట్టారు. అరిజోనా, పెన్సిల్వేనియా ఎలక్టోరల్ ఓట్లను తిరస్కరించాలని ఓటేసిన సభ్యులందరికీ క్షమాభిక్ష ఇవ్వమని అందులో ఉంది. వెంటనే వైట్‌హౌస్ సహాయకుల వీడియో వాంగ్మూలాలు, ఒకదాని వెనక ఒకటిగా పేర్లు. పేర్లు వచ్చినవాళ్లలో కొందరు తర్వాతా కాదన్నారు, అదీ చెప్పుకోవాలి. మాట ముందు, కాగితం తర్వాత. ఈ రెండు వారాల ఎడం పెట్టడంలోనే కూర్పరి చెయ్యి కనిపిస్తుంది.

అన్నిచోట్లా ఇంత బిగువు లేదు. దాడికి ముందురోజు రిపబ్లికన్ సభ్యుడు బ్యారీ లౌడర్‌మిల్క్ కొందరికి కాంగ్రెస్ కార్యాలయ భవనాలు చూపించిన వీడియోను కమిటీ బయటపెట్టింది. అందులో అనుమానించాల్సిందేమీ లేదని క్యాపిటల్ పోలీసు అధిపతి అప్పటికే ఉత్తరం రాశారు. ఉన్నదానికంటే ఎక్కువ సూచించిన వీడియో అది. జూలై 21న సెనేటర్ జోష్ హాలీ వంతు వచ్చింది. దాడికి ముందు గుంపు వైపు పిడికిలెత్తిన ఫొటో, ఆ తర్వాత క్యాపిటల్ లోపల పరుగెత్తుతున్న వీడియో. హాలంతా నవ్వింది. వెంటనే నెమ్మది చేసి మళ్లీ వేశారు. మొదటిసారి అది సాక్ష్యం. రెండోసారి వెక్కిరింత, ఆ ఒక్కటీ మానుకోవాల్సింది.

డిసెంబర్‌లో 845 పేజీల నివేదిక వచ్చింది. మెకార్తీ, జోర్డాన్, పెర్రీ, బిగ్స్ పేర్లను ఎథిక్స్ కమిటీకి పంపారు. కారణంగా చూపింది సమన్లు ధిక్కరించడం ఒక్కటే. ఇంత సాక్ష్యం పోగుచేసినవాళ్లు చివరికి ఇంత చిన్న తప్పు పట్టుకున్నారేమిటి అనిపిస్తుంది. కానీ దానికి వాదన అక్కర్లేదు, సమన్లు అందాయి, వాళ్లు రాలేదు. ఫలితం మాత్రం శూన్యం. 2023 జనవరిలో మెకార్తీ స్పీకర్ అయ్యారు, జోర్డాన్ న్యాయవ్యవహారాల కమిటీ అధ్యక్షుడయ్యారు. చేనీ అప్పటికే సొంత పార్టీ ప్రైమరీలో ఓడిపోయారు.

నేరం చేశామనుకుంటే తప్ప క్షమాభిక్ష ఎందుకు అడుగుతారని కిన్జింగర్ ఆ జూన్ 23న అన్నారు. అప్పుడు ఎదురులేనిదిగా తోచిన వాదన. కానీ కొత్త ప్రభుత్వం కక్ష సాధిస్తుందన్న భయంతో కూడా మనిషి రక్షణ వెతుక్కోవచ్చన్న సంగతికి అందులో చోటు లేదు. 2025 జనవరి 20న అధ్యక్ష పదవి దిగిపోతూ బైడెన్ ముందుజాగ్రత్తగా క్షమాభిక్ష ఇచ్చినవాళ్లలో ఈ కమిటీ సభ్యులంతా ఉన్నారు, తనకు వద్దని ముందే చెప్పిన కిన్జింగర్‌తో సహా.