దిగిన కిలో ఎటు పోయింది?

ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున్నే నడిచేవాళ్ల మాటల్లో సగం కిలోల మీదే. తార్నాక వైపు నుంచి నడిచొచ్చేవాళ్లు, గోల్నాక, అంబర్‌పేటల నుంచి బండ్ల మీద వచ్చి ఆర్ట్స్ కాలేజీ దగ్గర దిగేవాళ్లు, అందరిదీ ఒకటే పలకరింపు: "ఎంత దిగినవ్ అన్నా?" మాలాంటి షుగర్ వాళ్లకైతే అది పరీక్షే. దిగితే పాస్, ఎక్కితే ఫెయిల్.

ఒకప్పుడు రైల్వే స్టేషన్లలో రూపాయి వేస్తే బరువుతో పాటు జాతకం కూడా అచ్చేసి ఇచ్చే మిషన్లు ఉండేవి. ఇంటింటికీ డిజిటల్ కాటా వచ్చాక కూడా ఆ అంకెలో మనం జాతకమే వెతుక్కుంటున్నాం. ఎన్ని కిలోలన్నది కాటా చెబుతుంది. పోయింది కొవ్వా, కండా, నీళ్లా అన్నది మనమే కనిపెట్టాలి. గుండెకు పట్టేది ఆ రెండో సంగతే.

గోల్నాకలో నా బండి బాగుచేసే మెకానిక్ ఒకసారి ప్యాంటు నడుము పట్టి లాగి చూపించాడు. "ఏం జెయ్యకుండనే ఆరు కిలోలు దిగిన సార్!" ఆ 'ఏం జెయ్యకుండనే' వినగానే నాకు గుబులు పట్టింది. "రాత్రిపూట ఎన్నిసార్లు లేస్తున్నవ్ తమ్మీ?" అంటే నాలుగైదు సార్లన్నాడు. దాహం కూడా ఎక్కువైందట. ఒంట్లో ఇన్సులిన్ చాలకపోతే రక్తంలోని చక్కెర కణాల్లోకి వెళ్లక మూత్రంలో కొట్టుకుపోతుంది. తిన్నది ఒంటబట్టక శరీరం తన కొవ్వునూ కండనూ తానే కరిగించుకుంటుంది. పైకి సన్నబడతాం, లోపల రక్తనాళాలు దెబ్బతింటూనే ఉంటాయి. పరీక్ష చేయిస్తే షుగర్ బాగా ఎక్కువుంది. మందులు పడి అది అదుపులోకి వచ్చాక రెండు కిలోలు తిరిగొచ్చాయి. దానికి అతను దిగులుపడితే, వచ్చింది మంచి బరువేనని ఒప్పించడానికి నాకు చాలాసేపు పట్టింది. ఇన్సులిన్ మొదలుపెట్టినవాళ్లకూ ఇలాగే కొంత బరువు పెరుగుతుంది. అది చూసి సూది మానేసేవాళ్లున్నారు. అంతకన్నా నష్టపు బేరం లేదు.

తిండితో సంబంధం లేకుండా పెరిగే బరువు ఇంకో రకం. రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. పాదాలు వాచి, పడుకుంటే ఆయాసం వస్తోందంటే గుండె రక్తాన్ని సరిగా తోడలేకపోతోందేమో చూడాలి. పయోగ్లిటజోన్ లాంటి షుగర్ మందులు కూడా ఒంట్లో నీరు నిలుపుతాయి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు దాన్ని ఇవ్వనిది అందుకే.

మరి బుద్ధిపూర్వకంగా, కష్టపడి తగ్గితే? అమెరికాలో 2001లో లుక్ అహెడ్ అనే పెద్ద పరిశోధన మొదలైంది. అధిక బరువు, టైప్ 2 షుగర్ ఉన్న 5,145 మందిలో సగం మందికి తిండి, వ్యాయామాల్లో గట్టి శిక్షణ ఇచ్చారు. తొలి ఏడాదిలో వాళ్లు సగటున 8.6 శాతం బరువు తగ్గారు. ఆ తర్వాత కొంత తిరిగొచ్చింది. 2012లో లెక్క చూస్తే గుండెపోట్లు, పక్షవాతాలు, గుండెజబ్బు మరణాలు రెండు జట్లలోనూ దాదాపు సమానం. పరిశోధన అక్కడితో ఆపేశారు. అయినా శిక్షణ పొందినవాళ్లకు మందులు తగ్గాయి, నిద్రలో ఊపిరాడని బాధ తగ్గింది, నడక తేలికైంది. ఇవి నా దృష్టిలో చిన్న లాభాలేం కాదు. తొలి ఏడాదిలో పది శాతం పైగా తగ్గినవాళ్లకు గుండె ముప్పు 21 శాతం తక్కువని తర్వాతి విశ్లేషణలో తేలింది గానీ, ఫలితాలొచ్చాక విడదీసి చూసిన లెక్క కాబట్టి దాన్ని కాస్త అనుమానంగానే తీసుకోవాలి.

దీనికి తిరకాసు 2015లో వచ్చింది. షుగర్‌తో పాటు గుండెజబ్బు కూడా ఉన్నవాళ్లకు ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ బిళ్ల ఇస్తే బరువు తగ్గింది రెండు కిలోలే, గుండెజబ్బు మరణాలు మాత్రం 38 శాతం తగ్గాయి. ఆ మందు పేటెంట్ 2025 మార్చిలో ముగిశాక మన మెడికల్ షాపుల్లో బాగా చవకైంది. అదే ఏడాది వారానికోసారి వేసుకునే బరువు సూదులు వచ్చాయి. మా నడక గుంపులో చర్చంతా వాటి మీదే. రెండు కిలోల ఈ బిళ్ల ఊసెత్తేవాడు లేడు.

క్యాంపస్‌ను ఆనుకునే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూర్‌లో పుట్టి 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. అక్కడ ఎంత తిన్నా ఆకలి తీరక లావెక్కే ఎలుకల సంతతి ఒకటుంది, అందులో ఒక రకానికి చక్కెరను తట్టుకునే శక్తీ తక్కువే. వాటిని ఎవరూ సోమరులనరు, ఆ తిట్టు మనుషులకే. ఆ సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో బరువుతో పాటు నడుమునూ కొలుచుకోమంది. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. చేతులు కాళ్లు పుల్లల్లా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చే మన ఒళ్లకు టేపే సరైన సాక్షి.

అందుకని నా నోటుబుక్కులో మూడు గడులు గీసుకున్నాను. వారానికోసారి పొద్దున్నే ఏమీ తినకముందు, అదే కాటా మీద బరువు. పక్కన నడుము. మూడో గడిలో కారణం. "పెళ్లిళ్లు" అని ఒక వరుస, "వారమంతా జ్వరం" అని ఒకటి, "మాత్ర మార్చారు" అని ఇంకొకటి. ఎంత ఆలోచించినా మూడో గడి నిండకపోతే, బరువు దిగిందా ఎక్కిందా అని చూడను. రక్త పరీక్షకు వెళ్తాను.