ఏడు వందలా, పద్నాలుగు వందలా?

ఆ మధ్య మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ముహమ్మద్ ప్రవక్త గురించి ఒక ఫార్వర్డ్ వచ్చింది. చదవగానే అబద్ధంలా అనిపించింది. జవాబు రాద్దామని కూర్చుంటే, ఆయన జీవితం గురించి నేను ఒక్క పేజీ కూడా చదవలేదని గుర్తొచ్చింది. ఆ సిగ్గుతోనే ఇబ్న్ ఇస్‌హాక్ రాసిన జీవితచరిత్ర మొదలుపెట్టాను. నేను చదివింది 1955లో వచ్చిన ఆల్‌ఫ్రెడ్ గియోమ్ ఇంగ్లీషు అనువాదం.

ఇది గబగబా సాగే పుస్తకం కాదు. ప్రవక్త 632లో చనిపోయారు. ఇబ్న్ ఇస్‌హాక్ ఎనిమిదో శతాబ్దపు రచయిత. ఆయన రాసింది మనకి ఎక్కువగా ఇబ్న్ హిషామ్ పరిష్కరించిన ప్రతి ద్వారానే మిగిలింది. కొన్ని వదిలేశానని ఇబ్న్ హిషామే ముందుమాటలో ఒప్పుకున్నాడు. గియోమ్ ఆయన వ్యాఖ్యల్ని తీసి పుస్తకం చివర పెట్టాడు. దాంతో ఒక వేలు ఇక్కడ, ఒక వేలు అక్కడ పెట్టుకుని చదవాల్సొచ్చింది. పైగా చాలా కథలకి ముందు ‘ఫలానా ఆయన ఫలానా ఆయన దగ్గర విని నాకు చెప్పాడు’ అనే వరస. దీన్ని ఇస్నాద్ అంటారు. మొదట్లో అవన్నీ దాటేసుకుంటూ పోయాను.

హుదైబియా దగ్గర ఆగాను. 628లో ప్రవక్త మదీనా నుంచి మక్కా యాత్రకి బయల్దేరారు. వెంట ఏడు వందల మంది, బలి ఇవ్వడానికి డెబ్భై ఒంటెలు, పదిమందికొకటి చొప్పున. ఆ వెంటనే ఇంకో మాట: మేం పద్నాలుగు వందలమని జాబిర్ చెప్పేవాడట. అంతే, ఏది సరైందో తేల్చడు.

కోడ్‌లో రెండు మార్పులు ఇలా కొట్టుకుంటే ఒకటి తీసేసేదాకా నాకు నిద్రపట్టదు. ఇక్కడేమో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. వెనక్కి వెళ్ళి ఇస్నాద్‌లన్నీ మళ్ళీ చదివాను.

ఆ హుదైబియాలోనే ఒప్పందం రాసుకున్నారు. ‘దైవప్రవక్త’ అని రాయడానికి మక్కా ప్రతినిధి సుహైల్ ఒప్పుకోలేదు. ‘అబ్దుల్లా కొడుకు ముహమ్మద్’ అనే రాయించారు ప్రవక్త. మక్కా నుంచి పెద్దల అనుమతి లేకుండా వచ్చినవాళ్ళని తిరిగి అప్పగించాలి. సరిగ్గా అప్పుడే సుహైల్ కొడుకు అబూ జందల్, ఇస్లాం స్వీకరించినవాడు, సంకెళ్ళు ఈడ్చుకుంటూ వచ్చాడు. మాటిచ్చాం, ఓర్చుకో అన్నారు ప్రవక్త. తండ్రి అతన్ని లాక్కుపోయాడు. మనకెందుకీ తలవంపులని ఉమర్ అంతటివాడు నిలదీశాడు. రెండేళ్ళకి ప్రవక్త వెంట మక్కాకి నడిచింది పదివేలమంది. కానీ ఆ రోజు ఎవరికీ ఆ సంగతి తెలీదు. భక్తితో రాసిన ఆయన ఆ అనుచరుల అసంతృప్తిని దాచలేదు.

మార్టిన్ లింగ్స్ 1983 పుస్తకం కూడా పాత ఆధారాల మీదే రాసింది. వచనం ఎంతో బాగుంటుంది. కానీ చెప్పినవాళ్ళ గొంతులన్నీ ఒకే గొంతులో కలిసిపోతాయి. మొదటిసారి చదివేవాళ్ళకి అదే హాయి. నాకు మాత్రం ఆ గతుకులే కావాలనిపించింది.

ఇస్నాద్ ఉన్నంత మాత్రాన కథ నిజమైపోదు. ఎవరు చెప్పారో తెలుస్తుంది, అంతవరకే. ఫార్వర్డ్‌లో అది కూడా లేదు. మొన్న గ్రూపులో ఇంకోటి వస్తే ఒక్క ప్రశ్నే అడిగాను: ‘బాబాయ్, ఇది ఎవరు చెప్పారు?’

బ్లూ టిక్స్ పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.